‘చేయలేదు’ అంటే మానేసిందనా, చేతకాదనా?

సందేహం: ఐదో తరగతి అమ్మాయి ప్రోగ్రెస్ కార్డులో ‘లెక్కలు సొంతంగా చేయలేదు’ అని రాశాను. ఈసారి చేయలేదని తండ్రి అనుకున్నారు. పిల్లకు చేతకాదన్నానని తల్లి బాధపడ్డారు. ఎవరిది సరి? అలాగే ‘సామర్థ్యం’లో థ రాయాలా, ధ రాయాలా?
– ఒక ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ఇద్దరిదీ సరే. చిక్కంతా క్రియారూపంలో ఉంది.

జరగని పనిని చెప్పే ‘లేదు’ ఎవరికైనా మారదు: నేను చేయలేదు, నువ్వు చేయలేదు, వాళ్లు చేయలేదు. శక్తి లేదని చెప్పేది మాత్రం మనిషిని బట్టి మారుతుంది: చేయలేను, చేయలేవు, చేయలేడు, చేయలేరు. ఈ వరసలో ‘ఆమె’కు వచ్చే రూపం కూడా ‘చేయలేదు’. ఏకవచనంలో ఆమెకూ అదికీ తెలుగు క్రియ ఒకటే కదా! అబ్బాయి కార్డులో ఈ తికమక రాదు. చేయలేదు అంటే మానేశాడని, చేయలేడు అంటే చేతకాదని. పాపం, ఇబ్బంది ఆడపిల్లల కార్డులకే.

మాటల్లో అయితే గుంటూరు, బెజవాడ వాళ్లకు ఈ బాధ అంతగా లేదు. జరగనిదానికి ‘చెయ్యలా’, ‘రాలా’ అంటారు. చేతకానిదానికి ‘చెయ్యలేదు’ అని పూర్తిగా పలుకుతారు. రాతకొచ్చేసరికి ‘లా’ మోటని వదిలేసి, ఉన్న తేడాను మనమే పోగొట్టుకుంటున్నాం.

మీరు జరిగిన సంగతే చెప్పదలచుకుంటే ‘ఈ పరీక్షలో రెండు లెక్కలు వదిలేసింది’ అనండి. శక్తి గురించైతే ‘చేయలేకపోతోంది’ మేలు. శక్తిని చెప్పే ‘చేయలేదు’కు కాలం హద్దు లేదు, రేపటికీ అదే తీర్పు. ‘చేయలేకపోతోంది’ ఇప్పటి స్థితి మాత్రమే. ‘నాకు లెక్కలు రావు’, ‘నాకు లెక్కలు ఇంకా రాలేదు’ అనే వాక్యాల మధ్య తేడా కూడా ఇదే. పిల్ల తనను తాను ఏ దృష్టితో చూసుకుంటోందో అక్కడ తెలిసిపోతుంది. అయితే ‘ఇంకా’ను జాగ్రత్తగా వాడాలి. ‘ఐదో తరగతికొచ్చినా ఇంకా రాలేదు’ అంటే అది దెప్పిపొడుపే. ‘చేతకాదు’ను కార్డులోకి రానివ్వకండి. ‘చేతకానివాడు’ మనకు తిట్టు.

మాట మార్చినంత మాత్రాన ఆత్మవిశ్వాసం వచ్చేయదు. ఒక పని తాను చేయగలనన్న నమ్మకానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో నాలుగు ఆధారాలు చెప్పారు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరుల మాట, గుండెదడ వంటి ఒంటి గుర్తులు. వీటిలో మొదటిదే బలమైనది. ఉత్త మెచ్చుకోలు తర్వాతి తప్పు లెక్కతో కరిగిపోతుంది. అందుకే పిల్ల చేసిందీ, ఆగిన చోటూ రెండూ రాయండి: ‘హారాలు ఒకటే అయితే భిన్నాలు కూడుతుంది. హారాలు వేరైతే క.సా.గు. దగ్గర ఆగిపోతోంది.’ దీనికి రెండర్థాలు రావు, ఇంట్లో ఏం చేయించాలో కూడా తెలుస్తుంది. ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇక రెండో సందేహం. సమర్థ నుంచి వచ్చింది కాబట్టి ‘సామర్థ్యం’లో థ యే. ‘అర్ధం’ అని ధ రాస్తే సగమని అర్థం, ఆ అలవాటే ఇక్కడికీ పాకింది. దృక్పథం, పథకం మాటల్లోనూ థ యే రాయాలి.