తొమ్మిది నెలలు ఆగితే బీమా డబ్బు వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. మూసాపేటలో ఉంటాం. బట్టల షోరూంలో లెక్కలు చూస్తాను, జీతం 19,000. మా వారు ట్రాలీ ఆటో నడుపుతారు. ఇద్దరు పిల్లలు. నాలుగేళ్లుగా నెలసరి సమయంలో విపరీతమైన రక్తస్రావం, నడుము విరిగిపోయేంత నొప్పి. నాలుగేళ్ల కిందటి స్కానింగులోనే ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్టు, అంటే పాత రక్తం నిండిన తిత్తి, ఉందన్నారు. మాత్రలు వాడుతూనే ఉన్నాను. ఇప్పుడు దగ్గర్లోని నర్సింగ్ హోంలో గర్భసంచి, అండాశయాలు కలిపి తీసేస్తామని, ప్యాకేజీ 75,000 అని చెప్పారు. పెద్ద ఆసుపత్రిలో గర్భసంచి ఉంచి, సిస్టును, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) మచ్చలను లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, తొలగిస్తామన్నారు, 1,90,000 అవుతుందట. పదిహేను నెలల కిందట 5 లక్షల కుటుంబ ఆరోగ్య బీమా తీసుకున్నాం. ప్రీమియం 21,400. పాత జబ్బు సంగతి రాయనక్కర్లేదని ఏజెంటు చెప్పాడు. ఇలాంటి ఆపరేషన్లకు 24 నెలలు ఆగాలని పాలసీలో ఉంది. మరో తొమ్మిది నెలలు ఓర్చుకోవాలా? లేక 2 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా, ఆరు తులాల బంగారం తాకట్టు పెట్టాలా? ఆసుపత్రివాళ్లు వడ్డీ లేని వాయిదాలు కూడా ఇస్తామంటున్నారు. రూ.2 లక్షల చిట్టీ ఇరవై నెలలది, పన్నెండు కట్టాం, ఇంకా పాడలేదు. చేతిలో 45,000 ఉన్నాయి. జీతం నుంచి ఈఎస్‌ఐకి (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) 143 పోతుంది, ఎప్పుడూ వాడుకోలేదు. పిల్లలు పుట్టాక ఇంకా గర్భసంచి ఎందుకు, తీయించేసుకో అంటున్నారు మా అత్తగారు.
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యాన్ని మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. ఆ 143 రూపాయల దగ్గరికి వస్తాను. ముందు తొమ్మిది నెలల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఆ ఆశ మీద మీరు నొప్పిని భరిస్తున్నారు.

ఆ డబ్బు రాదనే అనుకోండి. ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), గర్భసంచి తొలగింపు లాంటివాటికి చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ ఉంటుంది, నిజమే. కానీ అది పాలసీ తీసుకున్న తర్వాత బయటపడిన జబ్బుకు. పాలసీకి ముందు 36 నెలల్లో నిర్ధారణ అయినది గానీ, వైద్యం పొందినది గానీ బీమా నియంత్రణ సంస్థ లెక్కలో 'ముందునుంచి ఉన్న జబ్బు'. దానికి కంపెనీలు గరిష్ఠంగా 36 నెలల వరకు ఆపవచ్చు. 2024 వరకు ఆ గడువు 48 నెలలు ఉండేది, తగ్గించారు. ఒకే జబ్బుకు రెండు గడువులూ వర్తిస్తే, ఎక్కువ ఉన్నదే లెక్క. మీకు స్కానింగు నాలుగేళ్ల కిందటిది, మాత్రలు మధ్యలో ఆపలేదు. అంటే ముందే చెప్పి తీసుకున్నా మీకు ఇంకా 21 నెలలు మిగిలి ఉండేవి. చెప్పకుండా తీసుకున్నారు కాబట్టి పరిస్థితి ఇంకా సున్నితం. క్లెయిము వేసిన రోజే కంపెనీ పాత చీటీలన్నీ అడుగుతుంది. ఆసుపత్రి కేస్ షీటులో మొదటి వరుసలోనే 'నాలుగేళ్లుగా బాధ' అని మీరు చెప్పిన మాట రాసి ఉంటుంది. క్లెయిమును తిరస్కరించడమే కాదు, పాలసీనే రద్దు చేసే హక్కు వాళ్లకు ఉంది. అప్పుడు మీ వారికి, పిల్లలకు ఉన్న రక్షణ కూడా పోతుంది.

అయిదేళ్లు నోరు మూసుకుంటే ఎవరూ అడగరని ఇంకో ఏజెంటు చెప్పవచ్చు. వరుసగా 60 నెలలు కట్టిన పాలసీని ఆ తర్వాత ప్రశ్నించకూడదన్న నిబంధన ఉన్న మాట నిజం. మోసం రుజువైతే మాత్రం ఆ రక్షణ ఉండదు. పైగా 45 నెలలు ఇదే నొప్పితో గడపమని నేను ఎవరికీ చెప్పను.

ఆగడానికి ఖర్చు లేదనుకోకండి. నెలకు రెండు రోజులు సెలవు పెడుతున్నా, 26 పనిరోజుల లెక్కన రోజుకు 730 చొప్పున తొమ్మిది నెలల్లో 13,000 దాటుతుంది. ప్యాడ్లు, మాత్రలు, రక్తహీనతకు ఎక్కించే ఐరన్ వేరే. హిమోగ్లోబిన్ ఎంతుందో మీరు రాయలేదు. అది బాగా తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలని మత్తు డాక్టరే చెబుతారు.

ఇప్పుడు రెండు ఆపరేషన్ల మాట. నేను డబ్బు లెక్కలు చూసే మనిషిని, డాక్టరును కాను. ఏది చేయించుకోవాలో నేను చెప్పకూడదు. కానీ 75,000 చిన్నది, 1,90,000 పెద్దది అనే లెక్క నాకు తప్పుగా కనిపిస్తోంది. ఆ తప్పు మాత్రం చూపించగలను. మొదటి ప్యాకేజీలో రెండు అండాశయాలూ తీసేస్తామన్నారు. అంటే 34 ఏళ్లకే, ఆపరేషన్ జరిగిన రోజు నుంచే, నెలసరి నిలిచిపోయిన స్త్రీ శరీరం అవుతుంది. ఎముకలు, గుండె విషయంలో ముప్పు పెరుగుతుంది కాబట్టి, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకు హార్మోను చికిత్స వాడమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. మందులు, క్యాల్షియం, ఎముకల పరీక్ష కలిపి నెలకు 1,000 అనుకుందాం. యాభై ఏళ్ల వరకు పదహారేళ్లు. 1,92,000. పెద్ద ఆసుపత్రి చెప్పిన మొత్తం కంటే రెండు వేలు ఎక్కువ! అదీ ధరలు పెరగవనుకుంటే.

మన రాష్ట్రాల్లో గర్భసంచిని అక్కర తీరిన సామానులా చూసే అలవాటు ఉంది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అనవసరపు తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ కేసు బిహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ స్త్రీల గురించి వేసినది. మన సంఖ్యలు చూస్తే మనమూ వేయాల్సిందే అనిపిస్తుంది. అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ తరంలో అందరూ విన్నది అదే మాట.

పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి, డబ్బు కాగితాలతో పాటు కథలు కూడా నా బల్ల మీదికి వస్తాయి. ఒకావిడకు ఇరవై తొమ్మిదేళ్లకే అన్నీ తీసేశారు, 'ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అని భయపెట్టి. నలభై రెండేళ్లకు జారి పడితే మణికట్టు విరిగింది. ఆ ఏడాది ఆమె ఖర్చుల పట్టికలో ఎముకల డాక్టరుదే పెద్ద పద్దు. ఇంకొకావిడకు గర్భసంచి తీశారు గానీ పేగు దగ్గర అంటుకున్న ఎండోమెట్రియోసిస్‌ను ముట్టుకోలేదు. నొప్పి అలాగే ఉంది, రెండేళ్లకు మళ్లీ కోత. ఇది గర్భసంచి బయట పెరిగే జబ్బు కదా, గర్భసంచి పోయినంత మాత్రాన పోవాలని లేదు. అయితే మూడో ఆవిడ మాట కూడా చెప్పాలి. ఎండోమెట్రియోసిస్‌తో పాటు గర్భసంచి గోడలోనే జబ్బు ఉన్న మనిషి, నలభై నాలుగేళ్లకు, మందులు, మచ్చల తొలగింపు అన్నీ అయ్యాక గర్భసంచి తీయించుకున్నారు, అండాశయాలు ఉంచి. 'అయిదేళ్ల ముందే చేయించుకోవాల్సింది, అన్నాళ్లూ నల్లచీర తప్ప కట్టలేదు' అన్నారు. ఆవిడకు అది సరైన ఖర్చే. నాలుగో ఆవిడ మీరు అనుకుంటున్న లాప్రోస్కోపీయే చేయించుకుని, మూడేళ్లకు సిస్టు తిరిగి వస్తే మళ్లీ బల్ల ఎక్కారు. కాబట్టి 1,90,000 పెట్టాక ఇక ఒక్క రూపాయి కూడా అవసరం రాదనీ అనుకోకండి. ఆ తర్వాత కూడా మాత్రలో, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనమో వాడమంటారు చాలాసార్లు. ఆ సాధనం అధిక రక్తస్రావాన్ని ఏళ్ల తరబడి తగ్గిస్తుంది, ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే చిన్న మొత్తం. మీ విషయంలో అది సరిపోతుందా అని ఎవరినైనా అడిగారా?

అందుకే మరో గైనకాలజిస్టుకు, నర్సింగ్ హోంతో గానీ పెద్ద ఆసుపత్రితో గానీ సంబంధం లేనివారికి, కన్సల్టేషన్ ఫీజు పెట్టి చూపించుకోండి. మీరు పెట్టబోయే డబ్బులో అంతకంటే లాభసాటి ఖర్చు నాకు కనబడలేదు. ఎడమవైపు సిస్టు ఉంటే కుడి అండాశయం ఎందుకు తీయాలి అని సూటిగా అడగండి.

ఇక 143 రూపాయలు. మీ 19,000 మీద 0.75 శాతం అది. మీ యజమాని 3.25 శాతం, అంటే 618 కలుపుతున్నారు. నెలకు 761 రూపాయలతో మీకు ఒక బీమా నడుస్తోంది. అందులో ముందునుంచి ఉన్న జబ్బు, 24 నెలలు లాంటి మాటలే లేవు. మీ వారికీ పిల్లలకూ కూడా వైద్యం వర్తిస్తుంది. మూసాపేట నుంచి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి ఎంత దూరమో మీకే తెలుసు. వరుసలు ఉంటాయి, ఓపిక పరీక్షిస్తారు, కాదనను. మందులు పనిచేయవన్న ప్రచారాన్ని మాత్రం నమ్మి ఇంత విలువైన హక్కును వదులుకోకండి. ముందు మీ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి రిఫరల్ మీద ఆసుపత్రికి వెళ్లాలి. ఎండోమెట్రియోసిస్ లాప్రోస్కోపీలో చేయి తిరిగిన సర్జన్ అక్కడ ఉన్నారా, లేకపోతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారా అని అడగండి.

ఒకవేళ ఆపరేషన్ బయటే చేయించుకోవాలని నిర్ణయించుకున్నా ఈఎస్‌ఐని వదలవద్దు. విశ్రాంతి రోజుల సంగతి మీరు అసలు రాయలేదు, చాలామంది రాయరు. గర్భసంచి తీస్తే నాలుగు నుంచి ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. లాప్రోస్కోపీ అయినా రెండు వారాలకు తక్కువ అనుకోవద్దు. అర్హత ఉన్నవారికి ఈఎస్‌ఐ సిక్‌నెస్ బెనిఫిట్ కింద, ఏడాదిలో 91 రోజుల వరకు, వేతనంలో 70 శాతం ఇస్తుంది. మీ జీతానికి రోజుకు సుమారు 443 రూపాయలు. ఆరు వారాల్లో మొదటి రెండు రోజులు తీసేసినా 17,700 వస్తుంది. దానికి ఈఎస్‌ఐ వైద్యుడి ధ్రువపత్రం కావాలి కాబట్టి, ఆపరేషన్ అయ్యాక కాదు, ముందే డిస్పెన్సరీలో మీ కేసు నమోదై ఉండాలి. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రనూ ఒకసారి కలవండి, ఏ ఆపరేషన్‌కు ఏ షరతులున్నాయో చెబుతారు.

బయట చేయించుకోవాల్సి వస్తే డబ్బు ఎక్కడిదన్నది అసలు అంత కష్టమైన ప్రశ్న కాదు. బంగారం జోలికి వెళ్లకండి. వాయిదాల జోలికి కూడా వద్దు. వడ్డీ లేదంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఒకేసారి కడితే దొరికే తగ్గింపు పోతుంది. ఎఫ్‌డీని విరగ్గొట్టనవసరం లేదు. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్నే హామీగా పెట్టి అప్పు, అడగండి, 90 శాతం, అంటే 1,80,000 దాకా ఇస్తారు. ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ కంటే ఒక శాతమో, రెండు శాతమో ఎక్కువ తీసుకుంటారు. 7 శాతం వస్తూ 8 శాతం కడితే, ఎనిమిది నెలలకు మీ చేతి నుంచి నికరంగా పోయేది 1,200. చిట్టీని ఇప్పుడు పాడితే అంతకంటే ఎక్కువే వదులుకోవాలి. చివరిదాకా ఆగితే, కమిషన్ 5 శాతం అనుకుంటే, అది పోయి 1,90,000 చేతికొస్తుంది. ఓవర్‌డ్రాఫ్ట్ అసలు 1,80,000, ఎనిమిది నెలల వడ్డీ 9,600, రెండూ దాంట్లోనే తీరిపోతాయి. ఎఫ్‌డీ ఎక్కడిదక్కడ ఉంటుంది. అయితే చిట్టీ నమోదైన కంపెనీదేనా? పక్కింటావిడ నడిపేదైతే ఈ లెక్క పక్కన పెట్టి, వచ్చే నెలే పాడేయండి.

ఓవర్‌డ్రాఫ్ట్‌కు చేతిలోని 45,000 కలిపితే 2,25,000. అంచనా మీద 35,000 మిగులు. అది కావాలి. పెద్ద ఆసుపత్రి చెప్పిన 1,90,000లో బయాప్సీ, మత్తు డాక్టరు ఫీజు కలిసి ఉన్నాయా, పేగుకు అంటుకుని ఉండి మరో సర్జన్‌ను పిలవాల్సి వస్తే ఎంత, లోపలికి వెళ్లాక పొట్ట తెరిచి చేయాల్సి వస్తే ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట ప్యాకేజీకి కాలూ చేయీ ఉండవు.

మిగిలింది బీమా పాలసీ. ఆపరేషన్‌కు దాన్ని వాడుకోవద్దు, క్లెయిము వేయవద్దు. కానీ కంపెనీకి ఈమెయిల్ రాయండి: పాలసీ తీసుకున్నప్పుడు ఈ జబ్బు సంగతి తెలియజేయలేదని, ఇప్పుడు నమోదు చేసుకోమని. వాళ్లు ఈ జబ్బుకు నిరీక్షణ పెట్టవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, రద్దు చేసే అవకాశమూ లేకపోలేదు. అయినా మీరే చెప్పి తేల్చుకోవడం, రేపు మీ వారికి ఏదైనా జరిగి ఆసుపత్రిలో ఉండగా వాళ్లు కనిపెట్టడం కంటే మేలు. ఏజెంటు 'వద్దు మేడమ్' అంటాడు. ఆ మాట కూడా ఈమెయిల్‌లో రాసి ఇవ్వమనండి.

సోమవారం డిస్పెన్సరీకి వెళ్లేటప్పుడు ఈఎస్‌ఐ నంబరు, ఆధార్, నాలుగేళ్ల కిందటి మొదటి స్కానింగు రిపోర్టు తీసుకెళ్లండి. ఆ రిపోర్టు జిరాక్సులు మూడు ఉండాలి: ఒకటి డిస్పెన్సరీకి, ఒకటి కొత్త డాక్టరుకు, ఒకటి బీమా కంపెనీకి.