రాస్ జట్టులో చేరిన కూచిపూడి అమ్మాయి

ప్రశ్న: మాది వరంగల్. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుని రంగప్రవేశం కూడా చేసింది. ఈ ఏడాది వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్ళగానే గజ్జెలు మూలన పెట్టి అక్కడి రాస్ (దాండియా కర్రలతో ఆడే గుజరాతీ నృత్యం) జట్టులో చేరింది. రాత్రి పదకొండు దాటినా ప్రాక్టీసులోనే ఉంటుంది. మొన్న ఫోన్లో "నా వాళ్ళు ఇక్కడ దొరికారమ్మా" అంటే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళ శ్రమ వృథా అయినట్టేనా? తెలుగుతనం జారిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. కూచిపూడి ఆగిపోయిందన్నది ఒకటి, "నా వాళ్ళు" అన్న మాటలో మీరు లేరన్నది రెండోది. రెండోదే అసలు బాధ అని నా అనుమానం.

అమెరికాలో మన పిల్లలు నాట్యం నేర్చుకునే తీరు మీకు తెలియనిది కాదు. వారాంతంలో తల్లి కారులో దింపుతుంది, గంట పాఠం అవుతుంది, మళ్ళీ ఇల్లు. చివరకు రంగప్రవేశం నాడు పిల్ల ఒక్కతే వేదికంతా మోయాలి. ఆ క్రమశిక్షణ విలువైనదే కానీ, తోటివారితో కలిసి చెమటోడ్చడం అందులో తక్కువ. నిజానికి కూచిపూడి పుట్టుక అలాంటిది కాదు. కృష్ణా జిల్లాలోని ఆ ఊరి భాగవతులు మేళాలు కట్టుకుని ఊరూరా తిరిగి కలాపాలు, యక్షగానాలు ఆడేవారు. ఆడవేషాలూ మగవారే కట్టేవారు. ఒక్కరే ఆడే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువుల చేతుల్లో బలపడింది. ఆ తర్వాత 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యం గారు కూడా నృత్యనాటకాలకు పెద్దపీట వేశారు. అందుచేత మీ అమ్మాయి ఒక జట్టును వెతుక్కుంటూ వెళ్ళడాన్ని కూచిపూడిని వదులుకోవడంగా నేను చూడను.

అమెరికా కాలేజీల రాస్ పండుగనాటి ఆటకు చాలా దూరం వచ్చేసిన మాట నిజమే. కొద్ది నిమిషాల పోటీ అంశం కోసం నెలల తరబడి సాధన చేస్తారు. వరుసలు మారేటప్పుడు ఒకరు అర అడుగు వెనకబడితే పక్కవారి కర్ర వేళ్ళ మీద పడుతుంది. విరిగిన దాండియాకు టేపు చుట్టి ఇచ్చేదీ ఆ పక్కవారే. ఇంటికి దూరంగా ఉన్న మొదటి ఏడాదిలో, తాను రాకపోతే ఆ రోజు సాధన సాగదని తెలిసిన పిల్లకు ఒంటరితనం అంత సులువుగా అంటదు.

ఇక పరాయి కళ అన్న బెంగ. రాస్‌కు తోడుగా గుజరాతీలు ఆడే గర్బాలో స్త్రీలు నడుమ దీపపు కుండను ఉంచి చప్పట్లతో వలయంగా తిరుగుతారు. 2023లో యునెస్కో గుర్తించిన ఆ ఆటకు కాలం నవరాత్రి. మీ వరంగల్‌లో పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే బతుకమ్మకూ ఇంచుమించు అవే రోజులు, అదే వలయం, అవే చప్పట్లు. కర్రల ఆట మనకు కోలాటంగా ఉండనే ఉంది. ఈ సంగతి పాఠంలా కాకుండా, మీరు చిన్నప్పుడు ఆడిన ఆటగా చెప్పి చూడండి. తెలుగు నిలిచేది మాత్రం మీరిద్దరూ మాట్లాడుకునే మాటతోనే. తెలుగు పాటకు చక్కగా అభినయం పట్టి దాని అర్థం చెప్పలేని పిల్లలను మనం చూడలేదా?

గట్టిగా అడగవలసినవి వేరే ఉన్నాయి: నిద్ర, మార్కులు, మోకాళ్ళు. ఎగిరి దూకే అడుగులు ఎక్కువ కనుక కాలి ఎముకల్లో నొప్పి తగ్గకుండా ఉంటే సాధన ఆపి వైద్యునికి చూపించుకోమనండి. ప్రయాణాలకు, దుస్తులకు సభ్యులే చేతి నుంచి పెట్టుకోవలసి రావచ్చు కాబట్టి ఆ ఖర్చూ ముందే మాట్లాడుకోవడం మంచిది.

వీలైతే ఒక పోటీకి దంపతులిద్దరూ వెళ్ళండి. వేదిక దిగిన పిల్లలు ఆకలి మీద ఉంటారు. జట్టు మొత్తాన్ని భోజనానికి తీసుకెళ్తే, నెలల తరబడి ఫోన్లో రాబట్టలేని సంగతులు ఆ ఒక్క పూటలో మీకు తెలుస్తాయి.