అమెరికా తొలి మిల్లుల్లో పల్లె అమ్మాయిలే ఎందుకు?

అమెరికా తొలి బట్టల మిల్లుల్లో పల్లెటూరి అమ్మాయిలే ఎక్కువగా ఎందుకు ఉండేవారని అడిగారు. మగవాళ్లకు పడమటి వైపు చవగ్గా భూమి దొరికేది, మిల్లులో చేరాల్సిన అవసరం తక్కువ. అందుకే 1820ల్లో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో మెరిమాక్ నది నీటి బలంతో మిల్లులు నడిపిన యజమానులు రైతుల ఆడపిల్లల్ని పిలిచారు. తల్లిదండ్రులకు టెన్షన్ లేకుండా కంపెనీ హాస్టళ్లు, రాత్రి 10కి తలుపులు మూసే కట్టుబాటు. పని మాత్రం రోజుకు 12 గంటల పైనే! అయినా చేతిలో సొంత డబ్బు ఆడటం వాళ్లకు కొత్త. ఆ ధైర్యంతోనే కాబోలు, 1834లో జీతం కోస్తామనగానే పని ఆపేసి వీధిలోకొచ్చారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్లీ అదే పని. 1840ల చివర్లో ఐర్లండ్ కరువు తరిమిన వలసజనం క్రమంగా వాళ్ల స్థానంలోకి వచ్చారు. అన్నట్టు, ఆ మిల్లుల్లో వడికిన పత్తి చాలావరకు దక్షిణాదిలో బానిసలు పండించిందే.