మ్యాగజైన్ తీసినా ఎయిర్‌సాఫ్ట్ గన్ పేలితే

గన్‌లో లోపం లేదు. మ్యాగజైన్ (గుండ్లు నింపే డబ్బా) తీసిన తర్వాత కూడా మీ ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ గన్ (ఆటలో ప్లాస్టిక్ గుండ్లు పేల్చే తుపాకీ) నుంచి గుండు వచ్చిందంటే, ఆ 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు గొట్టం మొదట్లోని హాప్-అప్ (గుండును వెనక్కి తిప్పుతూ పంపే) భాగంలో మిగిలిపోయిందన్నమాట.

1. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని ఉండగానే మ్యాగజైన్ తీయండి.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: గొట్టాన్ని ఎవరూ లేని వైపు నేలకు గురిపెట్టి, సెమీ మోడ్‌లో (ఒక నొక్కుకు ఒకే గుండు వచ్చేలా) రెండు మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కండి. మొదటిసారి ఏమీ రాలేదని ఆపవద్దు, ఇరుక్కున్నది రెండోసారి రావచ్చు. మ్యాగజైన్ తీయకముందు ఇలా నొక్కితే లాభం లేదు, మరో గుండు లోపలికి వస్తుంది.

3. సేఫ్టీ పెట్టి, గొట్టం మూతికి తొడుగు వేసి, బ్యాటరీ విప్పండి.

ఆట స్థలం దాటాకే కళ్లద్దాలు తీయండి. మామూలు చూపు అద్దాలతో మాత్రం దయచేసి ఆడవద్దు, గుండు తగిలితే అవి పగిలి కంట్లో గుచ్చుకోవచ్చు.