కట్టెలు ఏరుకునే ముసలమ్మ కథ చెప్పండి

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాం. మా పాపకి ఆరేళ్లు. తన ప్రాణ స్నేహితురాలి ఇంట్లో వాళ్లు పేగన్లు, అంటే క్రైస్తవానికి ముందునాటి యూరప్ దేవతల్నీ ప్రకృతినీ కొలిచేవాళ్లు. ఫిబ్రవరి 1న ఇంబోల్క్ పండగకి రమ్మని పిలిచారు. పంపాలనే ఉంది గానీ, అదేం పండగమ్మా అని పాప అడుగుతుంటే నాకు చెప్పడం రావట్లేదు. మా అత్తగారేమో ఫోన్‌లో అవన్నీ మంత్రగత్తెల పూజలు, పంపొద్దు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా పంపండి. ఇంబోల్క్ అంటే చలి తగ్గి వసంతం మొదలవుతోందని చేసుకునే పండగ. పండగ గురించి పాఠం చెప్పకండి, ముందు రోజు రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఒక్క కథ చెప్పండి చాలు.

స్కాట్లండ్, ఐర్లండ్ పల్లెల్లో చెప్పుకునే కథ ఇది. చలికాలమంతా ఒక ముసలమ్మదే రాజ్యం. ఫిబ్రవరి వచ్చేసరికి ఆవిడ ఇంట్లో కట్టెలు అయిపోతాయి. చలి ఇంకొన్నాళ్లు ఉండాలనుకుంటే ఆవిడ 1వ తేదీన బాగా ఎండ కాయిస్తుంది, ఎందుకంటే కట్టెలు ఏరుకోవాలంటే అవి పొడిగా ఉండాలి కదా. ఆ రోజు వాన పడిందా, ముసలమ్మ నిద్రపోతోందన్నమాట, చలికాలం అయిపోవచ్చినట్టే! తెల్లారగానే మీ పాప కిటికీ దగ్గరికి పరిగెత్తకపోతే చూడండి. ఎండ వస్తే సంతోషపడాలో బాధపడాలో పిల్లలకి అర్థం కాదు, ఈ కథలో నాకు బాగా నచ్చేది అదే.

వాళ్లింట్లో బ్రిజిడ్ పేరు వినిపించవచ్చు. పేగన్లకి ఆవిడ కవిత్వానికీ, వైద్యానికీ, కొలిమి పనికీ దేవత. ఐర్లండ్ క్రైస్తవులకి అదే పేరుతో ఒక సెయింట్ ఉంది, ఆవిడ రోజు కూడా ఫిబ్రవరి 1నే, 2023 నుంచి అక్కడ ఆ పండగకి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. తుంగలాంటి గడ్డితో ఆవిడ పేరున శిలువ అల్లుతారు. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పండి. మంత్రగత్తెల మాటకొస్తే, పేగన్లలో విక్కా మార్గం వాళ్లు చాలామంది తమని విచ్ అనే చెప్పుకుంటారు, వాళ్లకి అది తిట్టు కాదు. పేగన్లందరూ విక్కా వాళ్లు కారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 74,000 మంది తమ మతం పేగన్ అని రాసుకున్నారు.

వాళ్లలో చాలామందికి ఏడాదికి ఎనిమిది పండగలు. అన్నీ ఒకేసారి చెప్పేయకండి, ఏ కథకి ఆ రుతువు రానివ్వండి. ఆగస్టు 1న లూ అనే వీరుడి కథ చెప్పండి. అతన్ని పెంచిన తల్లి తైల్తూ, జనం పంటలు పండించుకోవడానికి అడవి నరికి, నేల చదును చేసి, ఆ అలసటతోనే ప్రాణం విడిచింది. ఆవిడ గుర్తుగా అతను ఆటల పోటీలు మొదలుపెట్టాడు. ఈ కథ వింటూ పాప ఏడిస్తే ఏడవనివ్వండి, మాట మార్చకండి. అక్టోబరు చివర్లో వచ్చే సావిన్ పోయినవాళ్లని తలుచుకునే రోజు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకోవడం పాప చూసి ఉంటే అది తనకి ఇట్టే అర్థమవుతుంది, కాకపోతే రెండూ ఒకటే అని మాత్రం చెప్పకండి, ఎవరి పండగ వాళ్లది.

ఇంకొకటి, ఇవన్నీ వేల ఏళ్ల నాటివా అని పాప అడిగితే నిజమే చెప్పండి. సావిన్, ఇంబోల్క్ లాంటివి పాత ఐరిష్ రాతల్లో ఉన్నాయి. ఎనిమిదింటినీ ఒక చక్రంలా కూర్చింది మాత్రం 1950ల్లో, బ్రిటన్‌లోనే. కొత్తదని తెలిస్తే పిల్లలకి కథ మీద ఇష్టం పోదు. మనం పుక్కిటి పురాణాలు చెప్పామని పెద్దయ్యాక తెలిస్తేనే బాధపడతారు.

ఇంబోల్క్ నాటికి అక్కడ గొర్రెలు ఈనడం మొదలవుతుంది, అందుకే ఆ రోజు పాలతో చేసినవి తింటారు. పాప చేతికి ఒక డబ్బాలో పాలకోవా ఇచ్చి పంపండి. వాళ్లింట్లో ఎవరైనా పాలు మానేశారేమో ముందే ఆ పిల్ల తల్లిని అడగండి, అలాగే మీ ఇంట్లో ఏ కథ చెబుతారని కూడా అడిగి చూడండి, మీకు సంక్రాంతికి చెప్పడానికి ఏముందని ఆవిడ తిరిగి అడిగే అవకాశం ఉంది.