మీ పాప స్పీచ్‌కి నార్టన్ చక్రవర్తి సరిపోతాడు

ఎనిమిదో తరగతి పాప "చరిత్రలో ఒక వింత మనిషి" మీద మూడు నిమిషాలు మాట్లాడాలి, నెట్‌లో ఏది నిజమో ఏది కట్టుకథో తేలట్లేదు అన్నారు కదండీ. పదిమంది పేర్లు బట్టీ పట్టించకండి, ఎవరూ వినరు. ఒక్కణ్ణే తీసుకోండి: అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారి జాషువా నార్టన్.

బియ్యంతో మొదలుపెట్టించండి. 1852 చివర్లో చైనా బియ్యం రావడం ఆగి ధర ఆకాశానికి అంటింది. పెరూ నుంచి వచ్చిన ఓడెడు బియ్యం మొత్తం ఈయన కొనేశాడు. కొన్నాళ్లకే పెరూ నుంచి ఇంకొన్ని ఓడలు దిగాయి. ధర ఢమాల్. ఏళ్ల తరబడి కోర్టు కేసులు, చివరికి దివాలా. 1859 సెప్టెంబర్ 17న పత్రికలో ప్రకటన: తానే అమెరికా చక్రవర్తినని!

తమాషా ఏంటంటే ఊరు కూడా సరే అంది. పాత మిలిటరీ కోటు, ఈకల టోపీ పెట్టుకుని వీధులు తనిఖీ చేసేవాడు. తన పేరుతో 50 సెంట్ల నోట్లు అచ్చేయిస్తే కొందరు తీసుకునేవారు. 1867లో ఓ పోలీసు పిచ్చివాడని పట్టుకెళ్తే పత్రికలు దుమ్మెత్తిపోశాయి, పోలీస్ చీఫ్ వదిలిపెట్టేశాడు. ఇక్కడ పాపని కాస్త ఆగి చెప్పమనండి, క్లాసంతా నవ్వుతుంది. 1872లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అఖాతం అవతలి ఓక్లాండ్ ఊరికి వంతెన కట్టమని ఆజ్ఞ వేశాడు. ఆ రెండు ఊళ్లనీ కలిపే బే బ్రిడ్జి 1936లో తెరిచారు.

బమ్మర్, లాజరస్ అనే కుక్కలు ఆయన పెంపుడువని కనిపిస్తే మాత్రం రాయించకండి. అవి వీధి కుక్కలే.