బండి నడిపే మేనల్లుడికి, మొలల గురించి

నంద్యాల

అల్లుడూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు నువ్వు కుర్చీ అంచున, ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం చూశాను. భోజనం అయ్యేదాకా అలాగే ఉన్నావు. మీ అత్త "పిల్లోడికి నడుం నొప్పేమో" అంది. ముప్పై ఏళ్లు బస్సు స్టీరింగ్ పట్టినవాణ్ణి, ఆ ఒరగడం ఎందుకో నాకు తెలీదా! రాత్రి మేడ మీద అడిగితే ముందు దాటేశావు, తర్వాత ఒప్పుకున్నావు. రెండు నెలలుగా దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతోందని, డాక్టరుకి చూపించాలంటే సిగ్గుగా ఉందని చెప్పావు. ఇంతలో పిల్లలు పైకొచ్చారు, మాట సగంలో ఆగింది. మిగతా సగం ఇది.

ఆ సిగ్గుతోనే నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నాను. చివరికి ఓర్చుకోలేక, గోడ మీద "మొలలు, లూటీ (మలద్వారం పక్కన చీము కారే పుండు), ఆపరేషన్ లేకుండా నయం" అని రాసి ఉంటే అక్కడికి వెళ్లాను. ఏం మందో చెప్పకుండానే ఒకాయన సూది వేశాడు. చీము పట్టి పదకొండు రోజులు బోర్లా పడుకున్నాను. మీ అమ్మకి కూడా జ్వరమనే చెప్పాం. తర్వాత చూసిన సర్జన్ "మొదట్లోనే వచ్చుంటే మలం మెత్తబరిచే ఇసబ్‌గోల్‌తో సరిపోయేది కదయ్యా" అన్నాడు. పుండు మానాక మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేశాడు. మత్తు లేదు, కోత లేదు, పది నిమిషాల పని. రెండు రోజులు బరువుగా అనిపించింది. రక్తం అందక ఆ మొల ఎండి, దానంతటదే రాలిపోయింది. ఈ పది నిమిషాలకి భయపడి నాలుగేళ్లు!

కాబట్టి అన్నిటికంటే ముందు ఒక్కసారి సర్జన్‌కి చూపించు. మొలలో, మలద్వారం దగ్గర చర్మం చీలికో నువ్వూ నేనూ తేల్చలేం. గాజుపెంకు కోసినట్టు మంట పుట్టి గంటల తరబడి ఉంటే అది చాలాసార్లు చీలికే, డాక్టర్లు ఫిషర్ అంటారు. లోపలి మొల అయితే నొప్పి లేకుండానే ఎర్రటి రక్తం చుక్కలు పడుతుంది. నాతో డ్యూటీ చేసిన ఒకాయన ఏడాదిపాటు మొలలే అనుకుని చూర్ణాలు మింగాడు, తీరా చూస్తే పేగులో క్యాన్సర్. నీ వయసుకి అంత భయం అక్కర్లేదు గానీ, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం మలంలో కలిసిపోయి వచ్చినా, ఊరికే బరువు తగ్గినా, కళ్లు తిరిగినా ఆగొద్దు. ఉన్నట్టుండి బయట నీలంగా గట్టి గడ్డ తేలి ప్రాణం పోయేంత నొప్పి వస్తే ఆ రోజే వెళ్లు. రెండు మూడు రోజుల్లోపు వెళ్తే గడ్డని తీసేసి ఉపశమనం ఇవ్వగలరు.

ఇక ఇంట్లో చేసుకునేవి. మనవాళ్లు దీన్ని "వేడి చేసింది" అంటారు. ఇంజిన్ పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి నేనూ ఆ వేడే అనుకున్నాను. అసలు సంగతి వేరు. మలద్వారం దగ్గర మెత్తటి దిండ్లలాంటి రక్తనాళాల గుత్తులు పుట్టుకతో అందరికీ ఉంటాయి. గట్టి మలం కోసం రోజూ ముక్కితే అవి ఉబ్బి, కిందికి జారతాయి. అంటే మలం మెత్తగా, ముక్కకుండా వచ్చేలా చూసుకుంటే సగం వైద్యం అయిపోయినట్టే. పై పూతలు మంటని తగ్గిస్తాయి, అంతవరకే.

నీ తిండి నాకు తెలుసు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం దారిలో బిర్యానీ, రాత్రి మళ్లీ అన్నం. అంతా పాలిష్ బియ్యమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో 100 గ్రాముల పాలిష్ బియ్యానికి పీచు 3 గ్రాములు కూడా లేదు, అంతే జొన్నలకీ రాగులకీ 10, 11 గ్రాముల దాకా ఉంది. రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలంటారు. రాత్రిపూట రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పో బీరకాయ కూరో చేయించుకో. బండిలో చిప్స్ పాకెట్ల బదులు రెండు జామకాయలు పెట్టుకో, గింజలతో సహా తిను. మా అమ్మ వారానికోసారి కంద పులుసు పెట్టేది, మొలలకి మంచిదని. మందని కాదు గానీ, పులుసు బాగుంటుంది, తిను. పీచు మాత్రం ఒక్కసారిగా పెంచకు. కడుపు ఉబ్బి, పాసింజర్ల ముందు నీకే ఇబ్బంది. పది రోజుల్లో మెల్లగా పెంచు.

ఇసబ్‌గోల్ మెడికల్ షాపులో దొరుకుతుంది. రాత్రి పెద్ద గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాలు కలిపి, చిక్కబడకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగు. పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. వేరే మాత్రలు వాడుతుంటే రెండు గంటలు ఎడం ఉంచు. రెండు మూడు రోజుల్లో మలం మెత్తబడుతుంది గానీ, రక్తం ఆగడానికి వారాలు పడుతుంది. నేను పది రోజులకే మానేసి మళ్లీ మొదటికొచ్చాను.

నీళ్ల విషయంలో డ్రైవర్లం మనమంతా దొంగలమే. ఎక్కడ ఆపాల్సి వస్తుందోనని తాగం. నువ్వు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తిప్పుతావు, దారిలో పెట్రోల్ బంకులకి కొదవ లేదు. తాగు, ఆపు, దిగు. అలాగే దొడ్డికి వచ్చినట్టనిపిస్తే ఇంకో ట్రిప్పు చూసుకుని వెళ్దామని ఆపుకోవద్దు. ఆపుకున్న కొద్దీ పేగు నీళ్లని పీల్చేసుకుంటుంది, గట్టిపడేది అందుకే. పొద్దున ఏదైనా తిన్నాకో తాగాకో పేగు కదులుతుంది. ఆ పది నిమిషాలు బండికి కాదు, నీకు పెట్టుకో.

లోపల ఐదు నిమిషాలకి మించి కూర్చోకు, ఫోన్ బయటే పెట్టు. నిన్నటి బుకింగులు అక్కడ లెక్క చూసుకోనక్కర్లేదు. నీ అపార్ట్‌మెంట్లో కమోడే కదా, కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని కొంచెం ముందుకి వంగు. గొంతుక్కూర్చున్నట్టే అవుతుంది, ముక్కే పని తగ్గుతుంది. రాకపోతే లేచి వచ్చెయ్, మళ్లీ వెళ్దువుగాని.

మంటగా ఉన్న రోజుల్లో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి పది, పదిహేను నిమిషాలు కూర్చో. రోజుకి రెండు మూడుసార్లు, ముఖ్యంగా దొడ్డికి వెళ్లొచ్చాక. చేత్తో ముట్టుకుంటే హాయిగా ఉండే వెచ్చదనం చాలు. డెట్టాల్ కలపకు, చర్మం మండుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దుకో, రుద్దకు. నా వాడకంలో దీని అంత సుఖం ఏ మందూ ఇవ్వలేదు.

నీ పనిలో ఇంకో చిక్కు ఉంది, సూట్‌కేసులు. ఊపిరి బిగబట్టి లేపితే ముక్కినట్టే లెక్క. ఊపిరి వదులుతూ లేపు, బరువైనదైతే పాసింజరుని ఓ చెయ్యి వెయ్యమను. రెండు గంటలకోసారి దిగి బండి చుట్టూ నాలుగుసార్లు తిరుగు. కారం ఒక్కటే దోషి కాదు, కానీ పుండుగా ఉన్నప్పుడు దొడ్డికి వెళ్తే మండుతుంది. ఆవకాయ కొన్నాళ్లు తగ్గించు. తాగుడు గురించి నేను చెప్పను, మీ అమ్మ చెబుతుంది.

నీకు చాలామంది వైద్యులు తయారవుతారు చూడు. అరటిపండులో కర్పూరం పెట్టి మింగమంటారు. ఆ పని అసలు చెయ్యకు, కర్పూరం కడుపులోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి. పాలలో నిమ్మకాయ పిండుకుని తాగమంటారు, నేను తాగాను, వాంతి తప్ప ఏం రాలేదు. ఆముదం రోజూ తాగేది కాదు. త్రిఫల చూర్ణం వాడాలనుంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ని అడిగి వాడు. ఒళ్లు నొప్పులకి నువ్వు కొనుక్కునే మాత్రల్లో కొన్ని మలబద్ధకం చేస్తాయి, వాటి పేర్లు సర్జన్‌కి చూపించు.

నీ భార్యకి ఏడో నెల అన్నావు. ఐరన్ మాత్రలతో ఆమెకీ మలబద్ధకం రావచ్చు, ఈ నెలల్లో మొలలూ సహజమే. మాత్ర మానెయ్యొద్దని చెప్పు, నెల చెకప్‌లో డాక్టరమ్మకి చెప్పమను. నీ చూర్ణాలు, నీ ఆయింట్‌మెంట్లు ఆమెకి ఇవ్వకు.

వచ్చే వారంలోగా చూపించుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి "బండి సర్వీసింగ్‌కి ఇచ్చాను మామా" అను చాలు, నాకర్థమవుతుంది. బ్యాండు వేశారంటే "టైరు మార్చారు" అను.

మీ మామయ్య